ఒంటరి జార్జి ఊరు

క్విటో నుంచో గ్వాయాకిల్ నుంచో విమానమెక్కి బాల్ట్రాలో దిగి, పడవలో చిన్న పాయ దాటితే శాంటాక్రజ్ దీవి. ఈక్వెడార్ తీరానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న గలపగోస్ దీవుల్లో ఇదొకటి. ఇక్కడికొచ్చిన వాళ్లు ప్యూర్టో అయోరా ఊరి చివరనున్న తాబేళ్ల పెంపక కేంద్రం చూడకుండా వెళ్లరు. నల్లటి లావా రాళ్లు, చెట్లంత ఎత్తు పెరిగిన నాగజెముళ్లు, వాటి మధ్య దొడ్లు. అరచేతిలో పట్టే పిల్లల వీపుల మీద రంగుతో వేసిన నంబర్లు!

అందరూ ఆగేది మాత్రం ఓ చల్లని గదిలో, అద్దాల పెట్టె ముందు. అందులో మెడ చాచి నిలబడి ఉంటుంది 'లోన్‌సమ్ జార్జి' దేహం. 1971లో పింటా దీవిలో కనిపించిన ఈ మగ తాబేలు ఆ జాతిలో ఆఖరిది. మిగతావాటిని ఓడలవాళ్లు మాంసానికి పట్టుకుపోయారు. 1959లో వదిలిన మూడు మేకలు వేలకు వేలై దీవిలో పచ్చదనమే లేకుండా మేసేశాయి.

జార్జిని 1972లో ఇక్కడికి తెచ్చి, తర్వాత వేరే దీవి ఆడ తాబేళ్లను జత చేశారు. ఏళ్ల తరబడి చూడగా 2008లో, మళ్లీ 2009లో అవి గుడ్లు పెట్టాయి. ఒక్కదాంట్లోంచీ పిల్ల రాలేదు. 2012 జూన్ 24 ఉదయం, దశాబ్దాలుగా సాకిన ఫౌస్టో యెరేనా వెళ్లేసరికి జార్జి ప్రాణం పోయి ఉంది. ఈ కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే.

తాబేళ్లను దొడ్లో పెంచడం తేలిక కాదు. గొయ్యి తవ్వుకోవడానికి మెత్తటి మట్టి లేకపోతే ఆడది గుడ్లను కడుపులోనే ఆపుకుంటుంది. అలా రోజులు గడిస్తే దాని ప్రాణానికే ముప్పు. అందుకే దొడ్లలో మెత్తటి మట్టి ఉంచుతారు. గుడ్లను 28 డిగ్రీల వేడిలో పొదిగిస్తే మగపిల్లలు, 29.5 డిగ్రీల్లో ఆడపిల్లలు పుడతాయట!

ఇలాంటి జాగ్రత్తలతోనే ఎస్పన్యోలా దీవి జాతి నిలబడింది. అక్కడ మిగిలినవి 14. పన్నెండు ఆడవి, రెండు మగవి. ఒకదానికొకటి ఎదురుపడలేనంత దూరంగా ఉండేవి. వాటిని ఇక్కడికి చేర్చారు. అమెరికాలోని శాండియాగో జూ నుంచి డియాగో అనే మగది తోడయింది. వాటి సంతానం దాదాపు రెండు వేలు! పని పూర్తయిందని 2020 జూన్‌లో ఆ పెద్ద తాబేళ్లనూ సొంత దీవికి పంపేశారు.

జార్జి విషయంలోనూ శ్రద్ధకు లోటు లేదు. పింటా జాతి ఆడ తాబేలును వెతికి పెట్టినవారికి 10,000 డాలర్లిస్తామని ప్రకటించారు కూడా. ఆ సొమ్ము అందుకోవడానికి ఎవరూ రాలేదు.