బటన్ వదిలితేనే

పోయినేడు సలేశ్వరం జాతరలో నాన్న రెండు గంటలు కనపడలేదు. నల్లమల లోయలో ఫోన్ పనికిరాదు. అందుకే ఈసారి వాకీటాకీలు కొందామనుకున్నా. ఆన్‌లైన్‌లో ఐదు వాట్ల సెట్లు చవకే, కానీ వాటికి లైసెన్సు కావాలి. 2018 నిబంధనల ప్రకారం 446.0–446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లకి అక్కర్లేదు. అవే తెచ్చా.

డబ్బా మీద 'ఐదు కిలోమీటర్లు' అని ఉంది. నాన్నని దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద నిలబెట్టి ఎల్బీనగర్ వైపు నడిచా. చైతన్యపురి రాకముందే గరగర. ఈ తరంగాలకి మధ్యలో అడ్డం ఉండకూడదు. ఇక్కడ కాంక్రీటు, అక్కడ కొండలు. డబ్బా మీది అంకె బయలు మైదానానికి రాసిందన్నమాట.

అసలు చిక్కు రేంజి కాదు. నాన్న బటన్ నొక్కితే వదలడు. వదిలితేనే కదా అవతలి మాట వినపడేది. (ఇంట్లోనూ అంతే, ముప్పై ఏళ్ళుగా.) వదలగానే అవతల బీప్ మోగే సెట్లకి మార్చుకొచ్చా, కనీసం నాకైనా తెలుస్తుందని.

రెండోసారి నడుస్తుంటే, గరగర మొదలవకముందే, ఆయన గొంతు: "పోయినేడు నేను తప్పిపోలేదురా. మోకాలు పట్టేస్తే కూసున్న. చెప్తే మళ్ల తీస్కపోవు గదా."

బీప్.

నేనింకా బటన్ నొక్కలేదు.