బొబ్బిలి పులి కాదు, పిల్లి!

మాది బొబ్బిలి అనగానే కొత్తవాళ్ళెవరైనా "ఏం పులీ!" అంటారు. తప్పు వాళ్ళది కాదు, సినిమాలది! 1964లో 'బొబ్బిలి యుద్ధం', 1982లో 'బొబ్బిలి పులి', 1990లో 'బొబ్బిలి రాజా'... ఊరి పేరు తెరమీద పడితే చాలు, మా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. 'పులి'లో ఎన్.టి.రామారావు గారు కోర్టులో గర్జించడం చూసి, ఎప్పుడైనా బోనెక్కితే నేనూ అలాగే దంచెయ్యాలనుకునేవాణ్ణి.

ఎక్కే రోజు రానే వచ్చింది. దంచింది మాత్రం ఏమీ లేదు!

రాజాంలో స్నేహితుడి పెళ్ళి. మూడు బీర్లు పడ్డాయి. "ఈ రాత్రికి ఉండిపో బాబూ" అన్నారు పెళ్ళివారు. రోజూ తిరిగే రోడ్డేగా అని బండి తీశాను. ఊరి పొలిమేరలో పోలీసులు ఆపి మిషన్లో ఊదమన్నారు. 68 చూపించింది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. బండి అక్కడే ఉంచేసి, కోర్టుకి రమ్మన్నారు.

"ఎవరైనా పెద్దాయనతో ఒక ఫోను కొట్టిద్దాం మావయ్యా" అన్నాను ఇంటికెళ్ళి.

"ఫోను కొడితే పోద్దనుకున్నావేట్రా? ముందు ప్లీడరు గారి దగ్గరికి నడు" అన్నాడు మావయ్య.

ప్లీడరు గారు మూడే ప్రశ్నలు వేశారు. "ఎవరికైనా దెబ్బ తగిలిందా? ఇంతకు ముందెప్పుడైనా పట్టుబడ్డావా? మిషన్ తప్పు చూపించిందని అనుమానం ఉందా?"

మూడింటికీ లేదన్నాను.

"అయితే నీకు నాతో పెద్ద పని లేదు. తప్పు ఒప్పుకో. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్ళీ దొరికితే 15,000, రెండేళ్ళ దాకా జైలు. లైసెన్సు సస్పెండు కావచ్చు. జరిమానా కట్టేస్తే చెరిగిపోయిందనుకోకు. అదీ శిక్షే. ఉద్యోగం ఫారంలో అడిగితే దాచకుండా రాయాలి. ఒకసారి ఒప్పుకున్నాక, అసలు తాగనే లేదంటూ అప్పీలుకి వెళ్తే కుదరదు. అందుకే ఒప్పుకునే ముందు ఆలోచించుకో" అన్నారాయన.

మూడింటిలో ఏ ఒక్కదానికి 'అవును' అన్నా నోరు విప్పకముందే వకీలు కావాలట. ఊదనని మొండికేస్తే తప్పించుకోవచ్చనుకునే మిత్రులకి ఒక మాట: సరైన కారణం లేకుండా పరీక్షకి ఒప్పుకోకపోతే అదే మన మీద సాక్ష్యమవుతుంది. అలాగే ఈ సెక్షన్ కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు పరీక్ష జరిపించాలి, లేకపోతే వదిలెయ్యాలి. వకీలుతో మాట్లాడే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిందే. ఫీజు ఇచ్చుకోలేని పేదవాళ్ళకీ, ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని పెడుతుంది.

కోర్టు వరండాలో నా పక్కనే నా వయసు కుర్రాడొకడు కూర్చున్నాడు. నాలాగే పెళ్ళి నుంచి వస్తున్నాడట. నాలాగే తెలిసిన రోడ్డేగా అనుకున్నాడట. సైకిల్ మీద వెళ్తున్న ఒక ముసలాయన అడ్డొచ్చాడు, బతకలేదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే అయిదేళ్ళ దాకా శిక్ష. తాగి నడిపాడు కాబట్టి అంతకన్నా పెద్ద సెక్షన్ పడుతుందేమోనని వాడి వకీలు భయపడుతున్నాడు. వాళ్ళమ్మ కేరియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూత తియ్యలేదు.

వాడూ నేనూ తాగింది ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడుందంటే, ఆ రాత్రి నా దారిలో ఏ ముసలాయనా సైకిల్ తొక్కలేదు. అంతే! అందులో నా గొప్పేముంది?

మేజిస్ట్రేట్ గారు "ఒప్పుకుంటున్నావా?" అని అడిగారు. "ఒప్పుకుంటున్నానండీ" అన్నాను. నా గొంతు నాకే పిల్లి మ్యావుమన్నట్టు వినిపించింది.

జరిమానా కట్టి బయటికొచ్చేసరికి ఆ తల్లి అక్కడే ఉంది. ఏదైనా మాట్లాడదామనుకున్నాను. నోరు రాలేదు.

ఇప్పుడు రాజాంలో పెళ్ళంటే బండి ఇంటిదగ్గరే ఉంటుంది. రాత్రి అక్కడే చాప వేసుకుని పడుకుని, పొద్దున్నే బస్సెక్కి వస్తున్నాను. స్నేహితులు పిల్లి అని ఏడిపిస్తున్నారు. ఏడిపించనివ్వండి!