ఎర్ర రిబ్బను, నీలి మాత్ర: బాలికల పాఠశాలల్లో హౌస్ పోటీలు



సంక్రాంతి సెలవులు ముగిసి బడులు తెరిచిన నాటి నుండి వార్షికోత్సవాలు పూర్తయ్యే వరకు నాకు వచ్చే ప్రశ్నల తీరు మారిపోతుంది. చక్కెర వ్యాధి, మోకాళ్ల నొప్పులు కొంత వెనుకకు తగ్గుతాయి. "మా అమ్మాయి అన్నం సగంలో వదిలి ప్రాక్టీసుకు పరుగెత్తుతున్నది", "మా మనుమరాలు జ్వరంతోనే ఖోఖో ఆడతానంటున్నది, ఆడకపోతే హౌస్ ఓడిపోతుందట" వంటివి ముందుకు వస్తాయి. చదువు పాడుచేసే వ్యవహారమని ఈ హౌస్‌ను కొట్టిపారేసే తల్లిదండ్రులు కొందరు. తామూ ఒకప్పుడు ఎర్ర రిబ్బను కట్టుకున్నవారే కనుక మురిసిపోయే తల్లులు మరికొందరు. ఇరువురూ ఈ వ్యాసం ఓపికగా చదవాలని నా కోరిక.

హౌస్ అంటే ఒకప్పుడు నిజంగా ఇల్లే. ఇంగ్లండులోని వసతి పాఠశాలల్లో విద్యార్థులు వేర్వేరు ఇళ్లలో ఉండేవారు. ఏ ఇంటి పిల్లలు ఆ ఇంటి జట్టు. ఆ పద్ధతి మన దేశానికి వచ్చేసరికి ఇళ్లు పోయి రంగులు మిగిలాయి: ఎరుపు, నీలం, పచ్చ, పసుపు. నవోదయ విద్యాలయాల్లో రంగులకు బదులు కొండల పేర్లు పెట్టారు: ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి.

బాలికల విషయంలో ఈ చరిత్రకు మరొక పొర ఉంది. అందులో మా వృత్తివారి పాత్ర గర్వించదగినది కాదు. 1873లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే బోస్టన్ వైద్యుడు, బాలికలు మగపిల్లలతో సమానంగా చదివితే వారి గర్భాశయ ఆరోగ్యం దెబ్బతింటుందని ఒక పుస్తకమే రాశాడు. మరుసటి ఏడాది లండనులో హెన్రీ మాడ్స్‌లీ అదే పాట పాడగా, ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ అనే వైద్యురాలు దీటుగా జవాబిచ్చింది. అమెరికాలో మేరీ పట్నమ్ జకోబీ అనే వైద్యురాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, నెలసరి రోజుల్లో స్త్రీలకు విశ్రాంతి నిజంగా అవసరమా అన్న ప్రశ్నను పరిశోధించి 1876లో హార్వర్డ్ వారి బాయిల్‌స్టన్ బహుమతి పొందింది. ఆరోగ్యవంతురాలైన స్త్రీ ఆ రోజుల్లో పనులు మానుకోనక్కరలేదన్నది ఆమె తేల్చిన విషయం. 1885లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో లారెన్స్ సోదరీమణులు ముగ్గురు నెలకొల్పిన రోడీన్ వంటి బాలికల పాఠశాలలు ఆరుబయటి ఆటలకు పెద్దపీట వేసింది ఈ వాదోపవాదాల నీడలోనే. కనుక మైదానంలో మన అమ్మాయి పరుగెత్తడమే ఒక గెలుపు. ఆ పరుగును ఆపమని నేను ఏనాడూ చెప్పను.

హౌస్ వలన కలిగే మేలును నేను పుస్తకాల్లో కాక ఆరోగ్య శిబిరాల్లో చూశాను. పదవీ విరమణ తరువాత కొన్నేళ్లపాటు బాలికల పాఠశాలలకు వెళ్లి పరీక్షలు చేసేవాడిని. ముసలి మగ డాక్టరు ముందు పదకొండేళ్ల పిల్ల నోరు విప్పదు. ఏఎన్‌ఎమ్ అడిగినా తల వంచుకుని నిలబడుతుంది. అయితే వెనుక నుండి ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ముందుకు వచ్చి, "సార్, ఇది మా హౌస్ పిల్ల. రాత్రిళ్లు ఏడుస్తున్నది, బలపాలు తింటున్నది" అని చెప్పేది. ఆ ఒక్క వాక్యంలో నాకు కావలసిన రోగ చరిత్ర అంతా ఉండేది. బలపాలు, పచ్చి బియ్యం, మట్టి తినాలనిపించడం చాలాసార్లు ఇనుము లోపానికి గుర్తు. తల్లిని వదిలి హాస్టలుకు వచ్చిన పిల్లకు మొదటి నెలసరి నాడు గుడ్డ మడత పెట్టడం నేర్పేది కూడా తరచుగా ఆ హౌస్ అక్కే. ఈ పనికి ప్రభుత్వం ఎంత జీతం ఇచ్చినా అంత చక్కగా చేసే మనిషి దొరకదు.

ఇక రెండో ముఖం. 1954 వేసవిలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని ఓక్లహోమాలో ఒక శిబిరం నడిపాడు. పదకొండేళ్ల వయసున్న 22 మంది బాలురను రెండు జట్లుగా విడదీసి బహుమతుల కోసం పోటీ పెట్టగా, కొద్ది రోజుల్లోనే ఒకరి జెండాలు మరొకరు తగలబెట్టుకునే దాకా వచ్చింది. కలిసి భోజనం పెడితే కూడా తగ్గని వైరం, నీటి సరఫరా ఆగిపోయినప్పుడు, లారీ కదలనప్పుడు అందరూ కలిసి చేయి వేయవలసి వచ్చాక తగ్గింది. ఆ ప్రయోగం మగపిల్లలతో చేసినది. ఆడపిల్లలు జెండాలు తగలబెట్టగా నేను చూడలేదు. వారిలో పోటీ తమ శరీరం మీదికే తిరుగుతుంది, అది నాకు ఎక్కువ భయం.

ఒక జిల్లా బాలికోన్నత పాఠశాలలో జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు, బడి పేరు అవసరం లేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి, ఎర్ర హౌస్‌లో అందరికంటే వేగంగా పరుగెత్తేది. క్రీడోత్సవం తేదీ, ఆమె నెలసరి తేదీ ఒక్కటయ్యాయి. తోటి పిల్లలు తలా కొంత వేసుకుని, ఒక అమ్మాయి ఇంట్లో పూజల సమయంలో పెద్దలు వాడే మాత్ర పేరు తెలుసుకుని, మందుల దుకాణంలో కొని తెచ్చారు. దుకాణదారు ఎందుకని అడగలేదు. ఆ పిల్ల పరుగెత్తింది, మొదటి స్థానం వచ్చింది, హౌస్‌కు షీల్డు వచ్చింది. మాత్రలు ఆపిన మూడో రోజున అధికంగా రక్తస్రావమై, కళ్లు తిరిగి ప్రార్థన వేళ పడిపోయింది. నేను చూసేసరికి హిమోగ్లోబిన్ 8.6 ఉంది. ఉండవలసినది కనీసం 12. చుట్టూ ఏడుస్తూ నిలబడిన వారంతా ఆ మాత్రలకు డబ్బు వేసిన పిల్లలే. వారిని కోప్పడడానికి నాకు నోరు రాలేదు. అందులో దురుద్దేశం ఏమాత్రం లేదు, ఉన్నదల్లా ప్రేమే.

ఆ మాత్ర నోరెథిస్టెరాన్. వాడుతున్నంత కాలం గర్భాశయపు లోపలి పొర నిలిచి ఉంటుంది. ఆపిన రెండు మూడు రోజులకు రక్తస్రావం వస్తుంది. అది మందు స్వభావం. వికారం, తలనొప్పి, మధ్యలో మరకలు కనబడడం సాధారణం. కాలేయ జబ్బు ఉన్నవారు, పార్శ్వపు నొప్పి ఉన్నవారు, కుటుంబంలో రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా ముట్టకూడదు. పండుగలకని, పెళ్లిళ్లకని ఇళ్లలో పెద్దలే దీనిని పిప్పరమెంటు బిళ్లలా వాడుతుంటే పిల్లలు నేర్చుకోక ఏం చేస్తారు?

అయితే ఆ పిల్ల పడిపోవడానికి మాత్ర ఒక్కటే కారణం కాదు. రక్తం ముందే తక్కువగా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ల బాలికల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అంటే రిలే పరుగులో నలుగురు నిలబడితే ఇద్దరికైనా రక్తం చాలదు. బడుల్లో వారానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలి మాత్ర ఇందుకే. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. భోజనం తరువాత, మంచినీటితో వేసుకోవాలి. టీతో వద్దు. మలం నల్లగా వస్తే కంగారు అక్కరలేదు. "నీలం హౌస్ వాళ్లకేనా సార్ ఇది?" అని ఒక చిన్నది అడిగింది. మాత్ర మింగించిన వంతుకు కూడా హౌస్‌కు పాయింట్లు ఇస్తే బాగుంటుందని నాకు అప్పుడే తోచింది. ఇప్పటికీ కొన్ని బడులకు ఆ మాట చెబుతూనే ఉంటాను.

నెలసరిలో ఆడవచ్చునా అని మీరు అడుగుతారు. ఆడవచ్చు. నొప్పి తీవ్రంగా ఉన్నా, గంటకొక ప్యాడు తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా ఆడకూడదు, వైద్యునికి చూపించాలి. మరొక సంగతి, మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని పోటీల రోజున ఉదయం నుండి నీళ్లు మానేసే పిల్లలు చాలామంది. మూత్రంలో మంట, ఎండలో సొమ్మసిల్లడం రెండూ అక్కడి నుండే మొదలవుతాయి. షామియానాకు పెట్టే ఖర్చులో కొంత మరుగుదొడ్లకు మళ్లిస్తే నేను ఆ బడికి ప్రత్యేకంగా షీల్డు ఇస్తాను.

ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయిని దగ్గర పాయింట్ల పట్టిక తీసి చూశాను. పేరు ఇచ్చి పోటీకి రాకపోతే హౌస్‌కు ఐదు పాయింట్ల కోత. కారణం రాయడానికి గడి లేదు. "అలా పెట్టకపోతే అందరూ ఎగ్గొడతారు డాక్టరు గారూ" అన్నారావిడ. ఆమె మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు, నలభై ఈవెంట్లు నడపడం తమాషా కాదు. చివరకు రెండు మార్పులకు ఒప్పుకున్నారు. ప్రతి పోటీకి ఒక ప్రత్యామ్నాయ క్రీడాకారిణి పేరు ముందే రాయడం, ఆరోగ్య కారణంతో మారితే కోత లేకపోవడం. ఏ ఆరోగ్య కారణమో ఎవరూ అడగరాదని నేను పట్టుబట్టాను, దానికి కొంత వాదన జరిగింది.

మొదటి ఏడాది ఆ గడి నాలుగు హౌస్‌లకూ ఖాళీగానే ఉండిపోయింది. రెండో ఏడాది దానిని మొదటగా వాడుకున్నది పచ్చ హౌస్ నాయకురాలు. తన స్థానంలో ఏడో తరగతి పిల్లను పరుగుకు పంపింది. ఆ పిల్లకు మూడో స్థానం వచ్చిందట.