మనీలాలోనూ దిష్టి తగులుతుంది!

బొద్దుగా ఉన్న పసివాణ్ని చూసి ఎవరైనా ‘ఎంత ముద్దుగా ఉన్నాడో’ అంటే చాలు, మన నాయనమ్మల గుండె గుబుక్కుమంటుంది. సాయంత్రానికల్లా ఉప్పూ మిరపకాయలూ చేతిలోకొస్తాయి. ఫిలిప్పీన్స్‌లోనూ అంతే! అక్కడ దాని పేరు ‘ఉసోగ్‌’. కొత్తవాళ్లు పలకరించి వెళ్లాక బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా, కడుపు ఉబ్బినా, ఒళ్లు కాలినా ఉసోగ్‌ తగిలినట్టే. విరుగుడే కాస్త చిత్రం. ఆ పలకరించిన మనిషే వేలిని ఉమ్మితో తడిచేసి బిడ్డ పొట్టకో నుదుటికో రాయాలి. ముందుజాగ్రత్తగా కొందరు బిడ్డ చేతికి ఎరుపూ నలుపూ పూసలు కడతారు.

పెద్దవాళ్లకూ ఇలాంటి జబ్బులున్నాయి. ఇస్త్రీ చేసిన చేతుల్ని వెంటనే చన్నీళ్లతో కడిగితే ‘పాస్మా’ వస్తుందట. చేతులు వణుకుతాయి, అరచేతులు చెమరుస్తాయి. బాలింతో, జ్వరంపడి లేచిన మనిషో తొందరపడి పనిలోకి దిగితే తిరగబెట్టేది ‘బీనాత్‌’. డాక్టర్ల పుస్తకాల్లో ఈ పేర్లు ఉండవు. కానీ ‘ఈమెకు బీనాత్‌ వస్తుంది’ అని అత్తగారు అంటే కోడలికి నాలుగు రోజులు విశ్రాంతి దొరుకుతుంది.

అన్నిటికంటే భయపెట్టేది ‘బంగుంగోట్‌’. రాత్రి సుష్టుగా తిని పడుకున్న ఆరోగ్యవంతుడైన కుర్రాడు నిద్రలోనే మూలుగుతూ ప్రాణం వదిలేస్తాడు. ‘బతీబత్‌’ అనే భారీ దయ్యం గుండెలమీద కూర్చుంటుందనీ, బొటనవేలు కొరుక్కుంటే వదిలిపోతుందనీ నమ్మకం. వైద్యులు దీన్ని కొట్టిపారేయలేదు. గుండె లయ తప్పే బ్రుగాడా సిండ్రోమ్‌ను 1992లో గుర్తించారు. ఆగ్నేయాసియాలో యువకుల ఇలాంటి నిద్ర మరణాలకూ ఆ జబ్బుకూ జన్యు సంబంధం ఉందని 2002లో పరిశోధకులు తేల్చారు. నింద దయ్యంమీద వేసి ఊరుకుంటే, అదే గుండెతో పుట్టిన తమ్ముడి సంగతేమిటి? అతనికి కావాల్సింది ఈసీజీ.

అలాగని పాతదంతా పారేయాల్సిందేం కాదు. సంప్రదాయ వైద్యం కోసం ఫిలిప్పీన్స్‌ 1997లో చట్టమే చేసింది. అక్కడి మందుల షాపుల్లో దగ్గుకు అమ్మే ‘లగుండి’ సిరప్‌ మరేదో కాదు... మన పల్లెల్లో బాలింత స్నానపు నీళ్లలో కాచే వావిలాకే!

ఉమ్మి రాసినా, ఉప్పు తిప్పినా బిడ్డమీద బెంగ ఒక్కటే. కాకపోతే డెంగీ దోమకు ఉసోగ్‌ తెలియదు, దిష్టీ తెలియదు. తిప్పిన ఉప్పు పారేశాక కూడా ఒళ్లు కాలుతుంటే, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి బయల్దేరాలి.