తట్ట తట్టగా... గోదారి ఆనకట్ట!

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఎంతో దూరం లేదు. బస్సెక్కితే అరగంటలోపే బ్యారేజీ దగ్గర దిగొచ్చు. గట్టు మీంచి చూస్తే గోదారి సముద్రంలా కనిపిస్తుంది. యంత్రాల్లేని రోజుల్లో ఇంత నదికి అడ్డుకట్ట ఎలా వేశారా అనిపించక మానదు.

జవాబు నది మధ్యలోనే ఉంది. ఇక్కడ లంకలు గోదారిని నాలుగు పాయలుగా చీలుస్తాయి. కాటన్ దొర పట్టుకున్న కిటుకు అదే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం... ఆనకట్టను ఇలా నాలుగు ముక్కలుగా కట్టించాడు. అన్నీ కలిపితే మూడున్నర కిలోమీటర్లకు పైనే!

మరి అడుగున అంతా ఇసుకే కదా? కావేరి మీద చోళుల నాటి కల్లణైని చూసి, లోతు తెలియని ఇసుకలోనూ రాతికట్ట నిలుస్తుందని ఆయన అప్పటికే నేర్చుకున్నాడు.

1847లో పని మొదలైంది. అంతకు ముందు డెల్టా చూసినవన్నీ కష్టాలే. 1830ల్లో నందన కరువు, 1839లో కోరంగి ఉప్పెన. పక్కనే ఉన్న ధవళేశ్వరం కొండ నుంచి రాయి కొట్టి తెచ్చారు. వేలమంది కూలీలు తట్టలు మోశారు. వాళ్లను కూడగట్టి పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజం వీణెం వీరన్న. వరదొస్తే పని ఆగేది, నీరు తీశాక మళ్లీ మొదలయ్యేది. 1848లో జబ్బు చేసి కాటన్ ఆస్ట్రేలియా వెళ్లాల్సి వచ్చింది. అయినా పని ఆగలేదు, కెప్టెన్ ఓర్ అందుకున్నాడు. 1850లో కాటన్ తిరిగొచ్చాడు. 1852కల్లా ఆనకట్ట పూర్తయింది.

అక్కడితో అయిపోయిందా? లేదు. కాలువల తవ్వకం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగింది. ఇప్పుడు మనం చూసే 175 గేట్ల బ్యారేజీ, పాత ఆనకట్ట స్థానంలో 1982లో పూర్తయినది. పది లక్షల ఎకరాలకు దీని నీళ్లే ఆధారం.

ఇంత కట్టడాన్నీ నిలబెడుతున్నది మాత్రం ఏటేటా చేసే చిన్న పనులే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగేయాలి, లాకులు బాగుచేయాలి, గట్లు పూడ్చాలి. ఎవరూ వీటికి శిలాఫలకాలు వేయరు. ఆ పని ఒక్క ఏడాది అశ్రద్ధ చేస్తే తలకట్టు రైతుకు వెంటనే తెలియకపోవచ్చు. శివారు రైతుకు మాత్రం నాట్ల వేళకే తెలిసిపోతుంది... అతని బోదెలోకి నీరు రాదు!