పదో ఛానెల్

ఆగస్టు 3, ఆదివారం

బావ విజయనగరం బస్సు దిగి, మద్దిలపాలెం డిపో ఎదురుగా నిలబడి ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే చంకలో పాత లుంగీలో చుట్టిన ఆక్టోప్యాడ్. రోలాండ్ ఎస్‌పీడీ-20. పెళ్ళిళ్ళలో, అమ్మవారి తీర్థాల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నది. ఎనిమిది రబ్బరు ప్యాడ్లలో రెండింటి మీద పసుపు మరక ఇంకా పోలేదు. డీజేలు వచ్చాక ఆర్కెస్ట్రాలకి పిలుపులు తగ్గాయి. "ఇంట్లో ఊరికే పడుంది, పిల్ల పాటకైనా పనికొస్తాది," అన్నాడు.

పిల్ల అంటే నా మేనకోడలు. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతూ మా ఇంట్లోనే ఉంటోంది. పాట తనే రాసింది, తనే పాడుతుంది. రికార్డింగు నా వంతు. స్టూడియో అంటే మూడో అంతస్తులో బట్టలారేసుకునే గది. తలుపుకి రెండు దుప్పట్లు కట్టినా హైవే మీద లారీ గేరు మార్చడం వినిపిస్తూనే ఉంటుంది. అసలు డ్రమ్స్ వాయించే ప్రసక్తే లేదు. కింద ఇంట్లో పరీక్షలకి చదివే పిల్లాడున్నాడు.

ఆగస్టు 5, మంగళవారం

బావ రాత్రి వాయించి పెట్టి పొద్దున్నే వెళ్ళిపోయాడు. మేం విన్నాం. బాగుంది. బాగుంది కానీ, "స్నేర్ చెవిలో పొడుస్తోంది మావయ్యా." తగ్గించాను. స్నేర్‌తో పాటు కిక్ కూడా తగ్గింది, తాళం కూడా తగ్గింది. వెనక ఉన్నవి ఎడమా కుడీ, రెండే జాక్‌లు. కంప్యూటర్లోకి వచ్చింది కలిపేసిన పులిహోర. అందులోంచి ఇంగువ ఒక్కటీ తీసెయ్యమంటే ఎలా?

ఇదేం ఇవాళ్టి బాధ కాదు. 1980లో వచ్చిన లిన్ ఎల్ఎం-1 డ్రమ్ మెషీన్‌కి, అదే ఏడాది రోలాండ్ వాళ్ళు తెచ్చిన టీఆర్-808కి దెబ్బకో జాక్ వేరుగా ఇచ్చారు. కిక్ ఒక తీగ, స్నేర్ ఇంకో తీగ. అన్ని తీగలు గుచ్చుకునే మిక్సర్ ఉన్నవాళ్ళకి మాత్రమే ఆ సుఖం.

ఆగస్టు 6, బుధవారం

మిడి తీగ పెట్టి మళ్ళీ మొదలు. బావ లేడు కాబట్టి నేనే తడిమాను. ఈ తీగలో శబ్దం రాదు, శబ్దాల చిట్టా వస్తుంది: ఏ నంబరు, ఎప్పుడు, ఎంత గట్టిగా. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో బియ్యం ఉండవు కదా, అలాగే. చిట్టా కాబట్టి ఒక్కో వరసా విడిగా దిద్దుకోవచ్చు.

నంబర్లు 1991లో జనరల్ మిడి పేరుతో ఖాయం చేశారు. డ్రమ్స్ అన్నీ పదో ఛానెల్లో. కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42, తెరిచినది 46, క్రాష్ 49, రైడ్ 51. మొత్తం 35 నుంచి 81 దాకా 47 దెబ్బలు. బోంగో ఉంది, కోంగా ఉంది, ఆవు మెడ గంట ఉంది, రెండు రకాల ఈల కూడా ఉంది. తబలా లేదు. డోలక్ లేదు. మృదంగం, డప్పు సంగతి సరేసరి. మన మార్కెట్టు కోసం చేసిన కీబోర్డుల్లో తబలా కిట్ పెడతారు గానీ, అది కంపెనీ దయ, పట్టికలో చోటు కాదు.

ఆగస్టు 9, శనివారం

మేనకోడలు నెట్లో చూసి "కిక్ సీ1 మీద ఉంటుందిట" అంది. నొక్కితే ఏమీ పలకలేదు. ఒక గంట పోయింది. యమహా వాళ్ళు 60ని సీ3 అంటారు, రోలాండ్ వాళ్ళు సీ4 అంటారు. అంటే 36 ఒకరి లెక్కలో సీ1, ఇంకొకరి లెక్కలో సీ2. ఇక మా ఇంట్లో స్వరాల పేర్లు నిషేధం, అంకెలే.

ఆగస్టు 10, ఆదివారం

నేను వాడే రికార్డింగు సాఫ్ట్‌వేర్ రీపర్‌లో ఒక ఆదేశం ఉంది: మిడి ముక్కని నంబరు వరసల వారీగా పేల్చేసి ఒక్కో వరసనీ ఒక్కో ట్రాకు చేస్తుంది. మెనూలోనూ "ఎక్స్‌ప్లోడ్" అనే రాశారు. (విన్యాంప్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ సాఫ్ట్‌వేరే ఇది కూడా. అరవై రోజులు ఊరికే వాడుకోనిస్తారు.) పేల్చాను. ఆరు ట్రాకులు. ఒక్కోదానికీ ఒక శాంప్లర్, అందులో ఒక శబ్దం, దానికో ఫేడర్. స్నేర్ తగ్గించాను, స్నేరే తగ్గింది. పిల్ల చప్పట్లు కొట్టింది.

అయిదు నిమిషాలకి ముఖం చిట్లించింది. "తగ్గింది గానీ, పక్క వీధిలో కొడుతున్నట్టుంది."

నిజమే. గట్టిగా కొట్టిన దెబ్బని ఫేడర్‌తో తగ్గిస్తే దూరమవుతుంది తప్ప మెత్తబడదు. ఎదురింటి మేడ మీంచి అరిచిన మనిషీ, పక్కన కూర్చుని గొణిగిన మనిషీ చెవికి ఒకే మోతాదులో వినపడొచ్చు. ఎవరు అరిచారో ఎవరు గొణిగారో మనకి తెలియదా? మిడిలో దెబ్బ బలానికి వేరే అంకె ఉంది, వెలాసిటీ, 1 నుంచి 127 దాకా. దాన్ని 110 నుంచి 60కి దించాను. ఏమీ మారలేదు. అదే దూరపు దెబ్బ.

రాత్రి పదకొండింటికి అర్థమైంది. శాంప్లర్‌లో ఉన్నది ఒకే ఒక్క స్నేర్ శబ్దం, అదీ గట్టిగా కొట్టినది. వెలాసిటీ ఎంత దించినా అది చెయ్యగలిగింది దాన్నే చిన్నగా వినిపించడం. మెల్లగా కొట్టిన శబ్దం వేరేగా రికార్డు చేసి ఉంటేనే ఆ అంకెకి అర్థం. మంచి డ్రమ్ కిట్ ఫైళ్ళు అంత బరువెందుకుంటాయో ఇప్పుడు తెలిసింది. ఒక్క స్నేర్‌నే మెత్తగా, మధ్యస్థంగా, బలంగా, పొరలు పొరలుగా పట్టి పెడతారు. ఉచితంగా దొరికే పొరల కిట్ ఒకటి దించాం. 38కి బలం 60 ఇచ్చాను. స్నేర్ గదిలోకి వచ్చి కూర్చుంది.

ఆగస్టు 13, బుధవారం

ఆఫీసులో పని లేని మధ్యాహ్నం లెక్క వేశాను. మిడి తీగలో సెకనుకి 31,250 బిట్లు పోతాయి. ఒక దెబ్బ కబురుకి మూడు బైట్లు, బైటుకి పది బిట్లు. సుమారుగా సెకనులో వెయ్యో వంతు. కిక్, స్నేర్, క్రాష్ ఒక్కసారే కొట్టామనుకుంటాం గానీ, తీగలో అవి రేషన్ షాపు దగ్గర జనంలా ఒకరి వెనక ఒకరు. 1983 జనవరిలో అమెరికాలో ఒక వాణిజ్య ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు సింథసైజర్లని మొదటిసారి కలిపిన తీగ ఇదే. ఒకటి డేవ్ స్మిత్ కంపెనీది, రెండోది రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషిది. పోటీ కంపెనీలు ఒక తీగకి ఒప్పుకున్నాయి. మా అపార్ట్‌మెంట్లో నీళ్ళ మోటారు వేళలకి ఇంకా ఒప్పందం కుదరలేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయ్యాక ఇది మొదటి ఆదివారం. డిపో దగ్గర కాలు పెట్టే చోటు లేదు. అందులోంచే బావ వచ్చాడు, వానలో.

ఆరు ట్రాకులూ విని "హైహ్యాట్ చచ్చిపోయింది" అన్నాడు. తెరిచిన తాళం "ష్‌ష్" అంటూ మోగుతూ ఉంటే, దాని మీదే మూసిన దెబ్బ "చిక్" అని పడుతోంది. రెండూ కలిసి మోగుతున్నాయి. "ఒకటే తాళం జత రా అది! మూస్తే పాత మోత ఆగిపోవాల. నీది రెండు జతలు పెట్టుకుని కొట్టినట్టుంది."

42, 46 రెండు నంబర్లే గానీ వస్తువు ఒకటే. పొరల కిట్లో రెండూ ఒకే గుంపులో ఉండి, ఒకటి పడితే రెండోది గొంతు నొక్కుకుంటుంది. నేను విడదీసే ఉత్సాహంలో అన్నదమ్ముల మధ్య గోడ కట్టేశాను. ఆ రెండింటినీ మళ్ళీ ఒకే ట్రాకులో, ఒకే కిట్ కింద పెట్టాను. మోత ఆగింది.

ఆగస్టు 22, శుక్రవారం

గొంతు రికార్డింగు. రాత్రి ఒంటి గంటన్నర. రెండో చరణంలో అంబులెన్స్.

ఆగస్టు 30, శనివారం

చవితి పందిళ్ళు. వీధి చివర నిమజ్జనానికి డప్పులవాళ్ళు వచ్చారు. పాటలో డప్పు కావాలని పిల్ల మొదట్నుంచీ అడుగుతోంది. ఆక్టోప్యాడ్‌లో ఉన్న డప్పు ప్లాస్టిక్ బకెట్‌లా ఉంటుంది. ఊరేగింపు కదలక ముందు ఒక డప్పు కళాకారుణ్ణి బతిమాలి మా మెట్ల కిందికి తీసుకొచ్చాం. మాట్లాడుకున్న డబ్బు ముందే ఇచ్చాం. చర్మం మంట దగ్గర కాచి తెచ్చాడు.

కుడి చేతిలో పొట్టి చిర్ర, ఎడమ చేతిలో సన్నని చిటికెన పుల్ల. రెండూ వేరు వేరు శబ్దాలుగా కావాలన్నాం. చిర్ర ఒక్కటే కొట్టమంటే కొట్టాడు, వెంటనే ఎడమ చెయ్యి కూడా తనంతట తనే పడింది. మళ్ళీ. మళ్ళీ పడింది. నవ్వేశాడు. "ఆ సెయ్యి నా మాట ఇనదు బాబూ, దాన్తో కలిసి నేర్సుకుంది." చివరికి పుల్లని నోట్లో కరిచిపట్టుకుని కొట్టాడు. ఏడు చిర్ర దెబ్బలు, తొమ్మిది పుల్ల దెబ్బలు శుభ్రంగా వచ్చాయి.

"ఇప్పుడు నెమ్మదిగా కొట్టండి," అంది పిల్ల.

"నెమ్మదిగా కొడితే డప్పెందుకమ్మా?" బయట విజిల్ వేశారు, వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 2, మంగళవారం

డప్పుకి నంబరు వెతకాలి. 1999లో జనరల్ మిడి రెండో పట్టికలో 87 దాకా నింపేశారు. మామూలు కిట్లో 88, 89 ఎవరివీ కావు. ఇక మావి. 88 చిర్ర, 89 చిటికెన పుల్ల. విడగొట్టడం మీద మోజు తగ్గింది కాబట్టి రెండూ ఒకే ట్రాకులో. అదే చర్మం కదా.

బావ ప్యాడ్లలో రెండింటికి ఆ నంబర్లు పెట్టాను. పసుపు మరకలున్నవాటికే.

సెప్టెంబరు 6, శనివారం

బావ వాయించి వెళ్ళాక పాట కలిపి పంపాం. సాయంత్రం ఊరేగింపు గోల మధ్యలోంచి ఫోన్ చేశాడు. సగం వినపడలేదు.

"...అంతా బాగుంది. ఆ 88 ఒక్కటీ రెండో చరణంలో కాస్త మెత్తగా కొట్టినట్టు చెయ్యి."

పిల్ల ఫోన్ లాక్కుంది. "దానికి మెత్తని దెబ్బ లేదు నాన్నా. వాల్యూమ్ తగ్గిస్తే దూరంగా పోతుంది."

అవతల డప్పులు దగ్గరికొస్తున్నాయి. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అయితే వొద్దు. నీ గొంతే కొంచెం పెంచమను."