ఆగితేనే పరిమళం

ఇటలీలో ఫ్లోరెన్స్ నగరానికి దక్షిణాన కియాంతి కొండలున్నాయి. అక్కడి రాతి నేలల్లో, ఆలివ్ చెట్ల నడుమ, ద్రాక్షతోటల గట్ల వెంబడి మే నెలలో లేత ఊదారంగు ఐరిస్ పూలు విరగబూస్తాయి. దారినపోయేవాళ్లు పూలు చూసి ఆగిపోతారు. రైతు చూపు మాత్రం మట్టి కిందే. అత్తరు లోకం వందల ఏళ్లుగా అపురూపంగా దాచుకుంటున్న ఆరిస్ వేరు అక్కడే ఉంది. వేరు అనడం వాడుక. అసలైతే అది పసుపు, అల్లం జాతి పంటల్లో మనం చూసే దుంపలాంటిదే, నేలలో అడ్డంగా పాకుతూ పెరుగుతుంది.

ఆ దుంపను తవ్విన రోజున ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి మట్టివాసన తప్ప ఇంకేమీ తగలదు. ఈ పంటలో నన్ను కట్టిపడేసిన సంగతి ఇదే. రెండు మూడేళ్లు నేలలో పెరగనిచ్చి, వేసవిలో తవ్వి, పీచువేళ్లు కోసేసి, చిన్న వంకీ కత్తితో తొక్క చేత్తోనే గీకి, ఎండబెట్టి గోదాములో పోస్తారు. ఇక అక్కడ మూడేళ్లు, మంచి సరుకు కోసమైతే ఐదేళ్ల దాకా ఉంచేస్తారు. నాటిన చెయ్యి ఆ వాసన చూడాలంటే ఐదారేళ్లు తక్కువ కాకుండా ఓపిక పట్టాలి.

ఊరికే పడి ఉన్నట్టు కనిపించే ఆ దుంపలో పని ఆగదు. పచ్చి దుంపలో ఇరిడాల్స్ అనే పెద్ద అణువులుంటాయి. అవి బరువైనవి, గాలిలోకి లేవవు. అందుకే వాటికి వాసన లేదు. ఎండిన దుంపలోకి గాలిలోని ఆక్సిజన్ నెమ్మదిగా దిగి వాటిని విరగ్గొడుతుంది. విరిగిన ముక్కల్లో పుట్టేవే ఐరోన్లు. పరిమళమంతా వాటిదే. సూక్ష్మజీవులతో, ఎంజైములతో ఈ గడువు కుదించాలని రసాయనవేత్తలు ప్రయత్నించారు. అయినా పేరున్న అత్తర్ల తయారీదారులు ఈనాటికీ గోదాములో మాగిన దుంపనే వెతుక్కుంటారు.

మాగిన దుంపను పొడి కొట్టి ఆవిరి పట్టిస్తే వచ్చేది, చూడటానికి నూనెలా ఉండదు. గది వేడిమిలో లేత పసుపు రంగులో గడ్డకట్టి వెన్నలా ఉంటుంది. వ్యాపారంలో దాన్ని ఆరిస్ బటర్ అనే అంటారు. అందులో అధికభాగం మిరిస్టిక్ ఆమ్లం, అంటే జాజికాయ కొవ్వులో దొరికేదే. దానికి వాసన దాదాపు లేదు. ఐరోన్లు నూటికి పదిహేను వంతుల దరిదాపుల్లో ఉంటాయి. టన్ను ఎండు దుంప నుంచి చేతికి వచ్చేది రెండు కిలోల వెన్న మాత్రమే. అందులోంచి కొవ్వు ఆమ్లాలను తీసేస్తే మిగిలే చిక్కటి ద్రవాన్ని అబ్సల్యూట్ అంటారు. కిలో ధర లక్షల రూపాయల్లో పలుకుతుందంటే ఆశ్చర్యం లేదు.

వాసన ఎలా ఉంటుందని అడిగితే, వయొలెట్ పువ్వు, ముఖానికి అద్దే పౌడరు, పచ్చి క్యారెట్, కాస్త ఎండుకట్టె కలిసిన చల్లటి వాసన అని చెప్పాలి. పౌడరు గుర్తుకు రావడానికి కారణముంది: ఒకప్పుడు యూరప్‌లో ముఖానికి రాసుకునే పౌడర్లలోనూ, విగ్గుల మీద చల్లే పొడిలోనూ, పళ్లపొడిలోనూ ఈ దుంప పొడే కలిపేవారు. బీరువాలో మడతబట్టల మధ్య చిన్న సంచుల్లో పెట్టేవారు. ఎండుపూల మిశ్రమాల్లో వాసన త్వరగా పోకుండా పట్టి ఉంచడానికి ఇప్పటికీ వాడతారు. జిన్ తయారీలోనూ దీనికి చోటుంది. గెర్లాన్ వారి 1912 నాటి ‘లర్ బ్ల్యూ’, షనెల్ వారి 1971 నాటి ‘నంబర్ 19’ అత్తర్లకు ప్రత్యేకత రావడంలో ఐరిస్ పాత్ర పెద్దది.

పళ్లు వచ్చే పసిపిల్లలకు కొరుక్కోమని అక్కడి తల్లులు ఎండిన ఆరిస్ దుంప చేతికిచ్చేవారట. మన ఇళ్లలో వసకొమ్మును అరగదీసి పసిబిడ్డ నాలుకకు రాయడం నాకు వెంటనే గుర్తొచ్చింది. ఈ రెండు అలవాట్లనూ వైద్యులు ఇప్పుడు వద్దంటున్నారు. ఆ మాటే వినాలి.

మన దేశానికి ఈ కథలో నిజమైన చుట్టరికం మరోచోట ఉంది. 1893లో జర్మన్ రసాయనవేత్తలు టీమాన్, క్రూగర్ ఆరిస్ వాసన గుట్టు తెలుసుకోబోయి, దానికి దగ్గరి బంధువైన అయొనోన్‌ను తయారుచేశారు. దానికి ముడిసరుకు సిట్రాల్. సిట్రాల్‌కు ఆధారం నిమ్మగడ్డి నూనె. ఆ నూనె మలబారు తీరం నుంచి, కొచ్చిన్ రేవు గుండా ప్రపంచానికి వెళ్లేది. అలా మన నిమ్మగడ్డి చవక వయొలెట్ అత్తరుగా మారి సామాన్యుడి చేతికి అందింది. బీటా అయొనోన్ నుంచే తరువాత కర్మాగారాల్లో విటమిన్ ‘ఎ’ కూడా తయారైంది. అసలు ఐరోన్ నిర్మాణాన్ని 1947లో రసాయనవేత్త రుజీచ్కా బృందం తేల్చేదాకా, టీమాన్ దానికి రాసిన ఫార్ములాలో ఒక కార్బన్ తక్కువ ఉందని లోకానికి రూఢిగా తెలియలేదు. ఒక్క కార్బన్ తేడాతో వాసన లోతు మారిపోతుంది! ప్రకృతి మీద నా గౌరవం ఇలాంటి చోటే ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు బజారులో ‘ఆరిస్ ఎసెన్షియల్ ఆయిల్’ పేరుతో వందల రూపాయలకే సీసాలు దొరుకుతున్నాయి. పైన చెప్పిన లెక్క చూస్తే అది అసలు సరుకు కావడం సాధ్యం కాదు. అయొనోన్ కలిపిన నూనో, నూనెలో బాగా పలచన చేసిందో అయి ఉంటుంది. వాసన కోసం వాడుకుంటే తప్పులేదు, ఆ సంగతి తెలిసి కొనాలి. దగ్గుకూ, నిద్రకూ, దిగులుకూ మందని రాసి అమ్మే మాటలకు గట్టి ఆధారం లేదు. పచ్చి ఐరిస్ దుంప తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. ఆరిస్ పొడి కొందరికి తుమ్ములు, ఒంటిమీద దద్దుర్లు తెస్తుంది. సౌందర్య సాధనాల్లోంచి అది చాలావరకు తప్పుకోవడానికి ఇదో కారణం. అందుకే నూనెను నోట్లోకి తీసుకోకండి. ఒంటికి రాసుకోవాలనుకుంటే కొబ్బరినూనెలో బాగా పలచన చేసి, ముందుగా మోచేతి లోపల ఒక చుక్క రాసి ఒక రోజు ఆగండి.

నిజమైనదే కావాలంటే అమ్మేవాణ్ణి రెండు ప్రశ్నలడగండి: దుంప ఏ రకం ఐరిస్‌ది, ఐరిస్ పల్లిడానా, ఐరిస్ జెర్మానికానా? ఐరోన్లు నూటికి ఎన్ని వంతులు? ఈ రెండూ చెప్పలేకపోతే ఆ సీసా అక్కడే పెట్టేసి రండి.